పాత వెల్డింగు యంత్రమునకు పునర్జీవము
(వార్షిక మహాసభ వృత్తిగోష్ఠియందు చేసిన యుపన్యాసము)



ఉదయము మొదలు ఈ వేదికనుండి విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహములందలి దుర్వ్యయమును గూర్చియు, స్త్రీవిద్యను గూర్చియు పెద్దలు హృదయంగమముగా ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము వానివలె ఘనమైనది కాదు. త్రుప్పుపట్టి, ధూళి నిండి, పాత ఇనుపసామాను అంగడిలో తూకమునకు అమ్ముడుపోవుచున్న వెల్డింగు యంత్రమును శుభ్రపఱచి మఱల పనికి తెచ్చుట యెట్లో చెప్పుటయే మా పని. విషయము చిన్నదే. కాని యొక కుటుంబముయొక్క జీవనోపాధియు, ఒక్కొక్కప్పుడు ఒక మనుష్యుని ప్రాణమును దీనియందు ఇమిడియున్నవి. కావున కొంచెముసేపు మీ యవధానమును ప్రసాదింప వేడుచున్నాము.

మేము చెప్పబోవు దాని సారమును ముందే చెప్పివేసెదము. పాత యంత్రమునకు మొదట శుద్ధి, పిదప కొలత, కట్టకడపట విద్యుత్తు. ఈ మూడింటి వరుస తప్పరాదు. శుద్ధి చేయక కొలిచినచో కొలత మోసగించును. కొలువక విద్యుత్తు నిచ్చినచో యంత్రమో, మనుష్యుడో, ఇద్దఱునో చెడుదురు.

కొలిమి నాటి విద్య

ఇనుమును ఇనుముతో అతుకుట మనకు నేడు క్రొత్తగా వచ్చిన విద్య కాదు. రెండు ముక్కలను కొలిమిలో తెల్లవేడి వచ్చువఱకు కాచి, ఇసుక చల్లి పైమలినమును కరగించి, దాగలిపై నుంచి సమ్మెటతో ఏకము చేయుట మన తాతలు నిత్యము చేసిన పని. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి తీసిన ఉక్కును గూర్చి హెన్రీ వాయ్‌సీ అను ఆంగ్లేయుడు వ్రాసిన వ్యాసము 1832లో ప్రకటింపబడినది. పారసీక దేశపు వర్తకుడు ఆ యూరికి వచ్చి ఉక్కు కొనుచుండెనని దానివలన తెలియుచున్నది.

విద్యుత్తుతో అతుకు విద్య పడమటి దేశములలో పుట్టినది. 1885 ప్రాంతమున బెనార్డోసు, ఒల్షెవ్‌స్కీ అను ఇరువురు బొగ్గుకడ్డీతో విద్యుజ్జ్వాల పుట్టించి లోహమును కరగించి యతికిరి. 1888లో స్లావ్యానోవు అను రష్యా దేశీయుడు బొగ్గునకు మాఱుగా లోహపు కడ్డీనే యుపయోగించి, కడ్డీయే కరగి అతుకులో చేరునట్లు చేసెను. 1904 నుండి స్వీడను దేశమున కెల్‌బెర్గు అనునతడు కడ్డీపై పూతపూయు పద్ధతిని వృద్ధి చేసెను. నేడు మన పిల్లలు వాడు రాడ్డు ఆ పూతకడ్డీ వంశములోనిదే. 1920లో ఇంగ్లాండునందు రివెట్లు లేక అతుకులతోనే కట్టిన ఫుల్లగారు అను ఓడ సముద్రమున దిగినది. మన దేశమున తిరుచిరాపల్లిలో 1975లో వెల్డింగు పరిశోధన సంస్థ వెలసినది.

ఈ చరిత్ర చెప్పుటలో మా యుద్దేశము పూర్వుల గొప్పను పొగడుకొనుట కాదు. కమ్మరి తన కొలిమిని తానే కట్టుకొనెను. తన తిత్తిని తానే కుట్టుకొనెను. తిత్తి చిరిగిననాడు ఒకరి గుమ్మము త్రొక్కక తానే మాసిక వేసికొనెను. పనిముట్టు అతనికి దాసియై యుండెను. నేడు అతని మనుమడు వెల్డింగు దుకాణము పెట్టుకొనినాడు. కిటికీలు, గేట్లు, ట్రాక్టరు తొట్లు అతుకుచున్నాడు. కాని ఆ ఇనుపపెట్టె లోపల నేమున్నదో యెఱుగడు. అది యొకనాడు పలుకక నిలిచినచో పని మానుకొని పట్టణమునకు పరుగెత్తుచున్నాడు. దసరానాడు యంత్రమునకు పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొట్టుచున్నాము. మూత విప్పి లోపలి ధూళిని చూచువారు మనలో నెందఱు?

పాతదానిని ఏల కోరవలెను?

ఈ కాలమున చేతితో మోసికొనిపోదగిన ఇన్వర్టరు యంత్రములు వచ్చినవి. అవి తేలిక, విద్యుత్తును తక్కువగా త్రాగును, జ్వాల నిలుకడగా నుండును. వానిని మేము నిందింపము. చేతిలో ధనమున్నవారు, మేడలపై కెక్కి పనిచేయువారు అవియే కొనవచ్చును. కాని వాని లోపలి సన్నని పలకలపై నున్న భాగములు చెడినప్పుడు పల్లెలో బాగుచేయువారు అరుదు. పాత ట్రాన్స్‌ఫార్మరు యంత్రమో, రెండు తీగచుట్టలు, ఒక ఇనుప గుండె, ఒక మరచుట్టు. అంతకు మించి దానియందు దాదాపు ఏమియు లేదు. దానిని తెలిసికొనుటకు అక్షరజ్ఞానమును, ఓపికయును చాలును. బరువు నూఱు కిలోగ్రాములకు దరిదాపుగ నుండుటయు, పని లేనప్పుడును విద్యుత్తును లాగుచుండుటయు దాని లోపములు. ఒకచోట నుంచి పనిచేయు దుకాణమునకు ఆ బరువు లోపము కాదు. పనిలేని వేళ స్విచ్చి తీసివేయు అలవాటున్నచో రెండవ లోపమును తగ్గును.

దీని పనితీరు గ్రహించుటకు కష్టము లేదు. మూడు ఫేజుల సరఫరాలో రెండు తీగలనుండి 415 వోల్టుల విద్యుత్తు సన్నని చుట్టలో ప్రవేశించును. లావు చుట్టనుండి సుమారు 75 లేక 80 వోల్టులు వెలికివచ్చును. వోల్టులు దాదాపు అయిదున్నర వంతులు తగ్గినవి గనుక ఆంపియరులు అన్ని వంతులు పెరుగును. రాడ్డు చివర 150 ఆంపియరులు మండుచున్నప్పుడు సరఫరా తీగలో సుమారు 27 ఆంపియరులు పాఱుచుండును. ఇంటి దీపముల తీగకు ఇట్టి యంత్రమును తగిలించుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియగలదు. విద్యుత్తు సంస్థవారి యనుమతి పొంది, తగినంత లావు తీగతో, వేఱుగా స్విచ్చియు ఫ్యూజులును అమర్చుకొనవలెను.

కొనుటకు ముందు

సోదరులారా, రంగు చూచి యంత్రమును కొనకుడు. క్రొత్తరంగు పూసిన పాత యంత్రమునకంటె త్రుప్పు కనబడుచున్న పాత యంత్రమే మేలు. అది తన వయస్సును దాచుకొనదు. మొదట పేరుపలకను గుడ్డతో తుడిచి చదువుడు. ఎన్ని వోల్టుల సరఫరా, ఎన్ని ఆంపియరులు, పదినిమిషములలో ఎన్ని నిమిషములు పనిచేయగలదు అను మూడు సంగతులు దానిపై నుండును. 200 ఆంపియరులు, 60 శాతము అని యున్నచో ఆ 200 పదింటిలో ఆఱు నిమిషములకే. ఎడతెగక పనిచేయవలసినచో 155 ఆంపియరులకు మించరాదు. ఈ లెక్క తెలియకయే అనేక యంత్రములు మాడిపోవుచున్నవి.

పిదప మూత తీసి ముక్కుతోను, కంటితోను పరీక్షింపుడు. కాలిన వార్నిషు కంపు ఒకసారి ముక్కునకు తగిలినచో మఱువబడదు. తీగచుట్ట యొకచోట నల్లబడి పెళుసెక్కి చేతికి రాలుచున్నచో దానిని పాత రాగి వెలకు తప్ప కొనరాదు. చుట్ట రాగియో, అల్యూమినియమో అడిగి యూరకొనక, తీగ చివర వార్నిషును కొంచెము గీచి చూడుడు. అల్యూమినియపు చుట్ట నింద్యము కాదు, కాని దాని వెల వేఱు. దాని యతుకుల విషయమున జాగ్రత్తయు వేఱు. సర్దుబాటు చక్రమును ఆ చివరనుండి ఈ చివర వఱకు త్రిప్పి చూడుడు. ధూళివలన బిగిసినది వదలును. మర అరిగినది మాత్రము వదలదు.

నూనెతో చల్లబడు యంత్రమైనచో నూనెను గాజు పాత్రలోనికి తీసి చూడుడు. మిక్కిలి నల్లబడి, ఘాటైన వాసన వచ్చుచున్నచో చుట్టలు చాల వేడి యనుభవించినవని యర్థము. నీరు చేరినదేమో తెలిసికొనుటకు మన కమ్మరమునకు చేరువైన యుపాయ మొకటి కలదు. కొంచెము నూనెను చిన్న లోహపు గిన్నెలో పోసి, ఎఱ్ఱబడనీయక కాచిన ఇనుపకడ్డీని దానిలో ముంపుడు. చిటపట ధ్వని వచ్చినచో నీరున్నది. కొలిమికి దూరముగా, ప్రక్కన ఇసుక పెట్టుకొని దీనిని చేయవలెను. ధ్వని రానంతమాత్రమున నూనె మంచిదని నిశ్చయింపక ప్రయోగశాలలో పరీక్ష చేయించుట మేలు.

శుద్ధి

యంత్రము ఇంటికి వచ్చినది. సరఫరా తీగను ప్లగ్గునుండి తీసినంతనే నిశ్చింత పడరాదు. కొన్నిటియందు కెపాసిటరు అను డబ్బా యుండును. అది విద్యుత్తును దాచుకొని, సరఫరా లేనప్పుడును చేతిని కొట్టును. కఱ్ఱపిడికి బిగించిన దీపపు తీగలను దాని రెండు కొనలకు తాకించి, దాచుకొన్నదానిని వెళ్ళగొట్టి, మీటరుతో చూచి, పిదపనే చేయిపెట్టవలెను. మిక్కిలి పాత కెపాసిటరుల నూనెలో పి.సి.బి. అను విషద్రవ్య ముండవచ్చును. కారుచున్నదానిని వట్టిచేతితో తాకరాదు. కొలిమిలో వేసి కాల్చనే రాదు.

మఱియొక హెచ్చరిక. పాత యంత్రములలో కొన్నిటియందు వేడిని ఆపుటకై రాతినార అట్టలు పెట్టబడినవి. ఆస్బెస్టాసు అనబడు ఈ పదార్థముయొక్క ధూళి ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల తరువాత ప్రాణాంతకమైన వ్యాధులను కలిగించును. బూడిదవన్నెతో నారనారగా చెదరుచున్న అట్ట కనబడినచో గాలి కొట్టుట మానివేసి, తెలిసినవారిని పిలువవలెను. అట్టిది లేదని నిశ్చయించుకొనిన పిదపనే తక్కిన పని.

యంత్రమును ఆరుబయట పెట్టి, ముక్కునకు ధూళిని ఆపు తొడుగును, కంటికి అద్దములను ధరించి, మెత్తని బ్రష్షుతో పైధూళిని వదలించి, ధూళిపీల్చు యంత్రముతో లాగవలెను. గాలిగొట్టము వాడునెడల ఒత్తిడి తక్కువగా నుండవలెను. బలముగా కొట్టిన గాలి ధూళిని వెడలగొట్టుటకు మాఱు చుట్టల సందులలోనికి దిగగొట్టును. వదులుగా నున్న కట్టును చీల్చును. దుకాణములో గ్రైండరునుండి యెగిరిన ఇనుపరజను మామూలు మట్టివంటిది కాదు. అది విద్యుత్తును ప్రసరింపజేయును. దానిని సందుసందునుండి ఏఱివేయవలెను.

జిడ్డు పట్టిన చుట్టలను నీటితో గాని, పెట్రోలుతో గాని కడుగరాదు. మొదటిది తడిని, రెండవది మంటను తెచ్చును. విద్యుత్ పరికరములకని అమ్ము శుద్ధిద్రవమును గుడ్డకు తడిపి మెల్లగా తుడువవలెను. సర్దుబాటు మరను కిరసనాయిలు తడిపిన బ్రష్షుతో కడిగి, చుట్టలపై చుక్క పడనీయక, ఆఱిన పిదప వేడికి కరగని గ్రీజును పలుచగా పూయవలెను. ఈ మర త్రిప్పినప్పుడు రెండు చుట్టల నడుమ ఇనుపదిమ్మె జరుగును. అది లోనికి వచ్చినకొలది ఆంపియరులు తగ్గును. దిమ్మె తన దారిలో వదులుగా నున్నచో యంత్రము తుమ్మెదవలె రొదచేయును.

ఇక అతుకులు. ఈ యంత్రములకు వచ్చు జబ్బులలో పెక్కు చుట్టలయందు గాక చివరల నుండు బోల్టులయందు పుట్టును. ఒక వదులు బిగింపులో ఓములో నూఱవవంతు నిరోధము మాత్రమే యున్నదనుకొందము. 150 ఆంపియరులు పాఱినప్పుడు అచ్చట 225 వాట్ల వేడి పుట్టును. ఒక చిన్న ఇస్త్రీపెట్టె నిరంతరము ఆ బోల్టుపై కాగుచున్నట్లే. కావున ప్రతి నట్టును విప్పి, ఇత్తడి ముఖములను సన్నని గరుకుకాగితముతో మెఱుగువచ్చువఱకు రుద్ది, రజను తుడిచి, చెడిన వాషరులను మార్చి బిగింపవలెను. ఆకురాయితో అరగదీయరాదు. అల్యూమినియపు కొనను రాగి కొనతో నేరుగా బిగింపక, రెండు లోహములకు తగిన నడిమి కొనను వాడవలెను. లేనిచో వాని పొత్తు కొలదికాలములో చెడును.

కొలత

శుద్ధి యైన పిదప కొలత. దీనికి మెగ్గరు అను సాధనము కావలెను. ఇది 500 వోల్టుల ఒత్తిడితో తీగపై తొడుగు ఎంత గట్టిదో చెప్పును. కెపాసిటరును, ఎలక్ట్రానిక్ పలకలున్నచో వానిని ముందుగా విడదీసి మూడు కొలతలు తీయవలెను. సరఫరా చుట్టకును వెల్డింగు చుట్టకును నడుమ 5 మెగోములకు తక్కువ కారాదు. సరఫరా చుట్టకును పెట్టెకును నడుమ రెండున్నర, వెల్డింగు చుట్టకును పెట్టెకును నడుమ రెండున్నర మెగోములకు తక్కువ కారాదు. ఇవి బాగుచేసిన యంత్రములకు అంతర్జాతీయ ప్రమాణములలో విధింపబడిన కనీసపు కొలతలు.

ఈ కొలత విలువ యెట్టిదో తెలుపుటకు మేము కన్నులార చూచిన సంగతి నొకటి మనవిచేసెదము. మనవారి పిల్లవాడొకడు ఐ.టి.ఐ.లో చదివి, మూతపడిన యొక వరిమిల్లునుండి గాలితో చల్లబడు పాత యంత్రమును కొనెను. సొమ్ము అతని మేనమామ సర్దినది. అవి వానకాలపు దినములు. ఆ సాయంకాలమే మంచి ముహూర్తమని పెట్టెకు బొట్లు పెట్టి, తీగ తగిలించుటకు సిద్ధమైరి. దారినిబోవుచు మేము ఆగి, మెగ్గరు పెట్టి చూచితిరా యని యడిగితిమి.

"ముహూర్తము దాటిపోవుచున్నదండీ, మాస్టారుగారూ! రేపు చూచుకొనవచ్చును గదా" అని మేనమామ తొందరపెట్టెను.

"ముహూర్తమునకు కొబ్బరికాయ కొట్టుడు బాబూ, స్విచ్చి మాత్రము వేయకుడు. పిల్లవాడు తడినేలపై వట్టికాళ్ళతో నిలిచియున్నాడు" అని మేము చెప్పితిమి.

ఆయన పెద్దమనస్సుతో అంగీకరించెను. మెగ్గరు తెప్పించి పెట్టగా సరఫరా చుట్టకును పెట్టెకును నడుమ ముల్లు సున్న కడనే నిలిచినది. మూత విప్పి వెదకితిమి. సరఫరా తీగ పెట్టెలోనికి దూఱు రంధ్రమునకు రబ్బరు తొడుగు లేదు. ఏండ్ల తరబడి అదరుటచేత రేకుఅంచు తీగ తొడుగును కోసి, రాగి పెట్టెను తాకుచున్నది. పెట్టెకు ఎర్తు తీగ కట్టవలసిన మరపై ఎవరో దళసరిగా రంగు పూసియుండిరి. అచ్చట తీగయే లేదు. స్విచ్చి వేసియున్నచో ఆ పెట్టె నేలతో పోల్చిన 240 వోల్టుల మీద నుండెడిది. తడిసిన దేహమునకు 1000 ఓముల నిరోధ మున్నదనుకొన్నను 240 మిల్లీఆంపియరులు పాఱును. గుండె లయ తప్పుటకు అందులో నాలుగవవంతు చాలును.

తీగ మార్చి, రంధ్రమునకు రబ్బరు తొడుగు వేసి మఱల కొలువగా ముల్లు సున్నను వదలినది గాని, మెగోములో మూడవవంతునకు మించలేదు. చుట్టల సందులలో ఊకధూళి చేరి వానతేమను పీల్చుకొనియున్నది. ఆ ధూళి నంతయు తీసి, పెట్టెలో నూఱు వాట్ల దీపములు రెండు, చుట్టలకు తాకకుండ వ్రేలాడదీసి, గాలి యాడునట్లు గోనె కప్పి, రెండు పగళ్ళు రెండు రాత్రులు కావలి యుండి ఆఱబెట్టితిమి. మూడవనాడు ముల్లు 40 మెగోములు చూపినది. పిదప చుట్టలకు వార్నిషు పట్టించి, అది యెండిన తరువాత మఱల కొలిచి, అప్పుడు స్విచ్చి వేసితిమి. ముహూర్తము మూడు దినములు వెనుకబడినది. పిల్లవాడు నేడును ఆ యంత్రముతోనే తన యింటిని నడుపుకొనుచున్నాడు.

తొలి విద్యుత్తు

కొలతలు సరిగా నున్నను ఒక్కుమ్మడి పూర్తి విద్యుత్తు నీయరాదు. 230 వోల్టుల తీగలో 200 వాట్ల దీపమును వరుసలో కలిపి, దానిద్వారా మొదట ఇచ్చి చూడవలెను. దీపము ఒకసారి మెఱసి మందగించినచో మేలు. నిండుగా వెలుగుచునే యున్నచో చుట్టలో ఎచ్చటనో పొరలు కలిసినవి, అంతటితో ఆపవలెను. ఈ పరీక్షలో నెగ్గిన పిదప పేరుపలకపై చెప్పిన సరఫరా నిచ్చి, వెలికివచ్చు కొనలవద్ద వోల్టులను కొలిచి, పలకపై నున్నదానితో పోల్చవలెను. 230కిని 415కును వేఱు వేఱు కొనలున్న యంత్రములలో ఏ కొనకు తగిలించుచున్నామో రెండుమాఱులు చూచుకొనవలెను.

ఆ తరువాత మూడుంబావు మిల్లీమీటరుల రాడ్డుతో, 110 ఆంపియరుల ప్రాంతమున, పాత రేకుపై పని మొదలిడుడు. పలక యనుమతించినంతసేపే అతికి, సరఫరా తీసివేసి, ప్రతి బిగింపును పరీక్షింపుడు. ఏ బోల్టు తక్కినవానికంటె వేడిగా నున్నదో అదియే మఱల మెఱుగుపెట్టవలసినది. అతికిన ముక్కను సమ్మెటతో విఱిచి లోపలి పొరను చూడుడు. ఇనుపపొర చదువుటలో మన కమ్మరి కంటికి సాటి లేదు.

ఎర్తును గూర్చి ఒక మాట

మన దుకాణములలో పనిముక్కకు తగిలించు క్లాంపును ఎర్తు క్లాంపు అనుచున్నారు. ఆ పేరే యొక యపాయము. అది ఎర్తు కాదు. జ్వాలద్వారా పోయిన విద్యుత్తు యంత్రమునకు తిరిగివచ్చు దారి మాత్రమే. పెట్టెను భూమితో కలుపు తీగ వేఱు. క్లాంపు ఉన్నది గదా యని ఆ తీగను విడిచినచో పైన చెప్పిన కథయే పునరావృతమగును. పెట్టె మరపై రంగు గీచివేసి, మెఱయు లోహమునకే తీగ బిగించి, నేలలోని ఎర్తు గోతివఱకు తెగక పోవుచున్నదో లేదో మీటరుతో చూడవలెను. దానితోపాటు 30 మిల్లీఆంపియరులకే సరఫరాను తెంచు స్విచ్చిని పెట్టుకొనుడు. రాడ్డు పట్టు హోల్డరు పిడి పగిలినచో గుడ్డ చుట్టి గడుపక మార్చుడు. 80 వోల్టులు చిన్నవే యనిపించును. చెమటతో తడిసిన చేతికి అవి చిన్నవి కావు.

యంత్రమును బాగుచేసికొని దేహమును పాడుచేసికొనుట వివేకము కాదు. వెల్డింగు పొగయు, దాని వెలుగులోని అతినీలలోహిత కిరణములును మనుష్యులకు క్యాన్సరు కలిగించునవని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు 2017లో నిర్ణయించిరి. కావున గాలి యాడుచోట పనిచేయవలెను. కంటికి 10 లేక 11వ సంఖ్య గాజు గల తొడుగును పూర్తిగా ధరింపవలెను. చేయి అడ్డము పెట్టుకొని రాడ్డు తాకించు వాడుక నేటితో మానవలెను.

పోషకులకు మనవి

పోషక మహాశయులారా! మీరు విద్యార్థులకు వేతనములిచ్చుచున్నారు, వసతిగృహములు కట్టించుచున్నారు. వానితోపాటు వృత్తిలో నున్న పిల్లలకొఱకు మూడు చిన్నపనులు చేయించుడని ప్రార్థించుచున్నాము.

మొదటిది. ప్రతి జిల్లా శాఖయందును ఒక మెగ్గరును, ఆంపియరులు చూపు ఒక పట్టుమీటరును సంఘపుసొత్తుగా ఉంచవలెను. ఒక్కొక్క దుకాణదారుడు వీనిని కొనజాలడు. ఏడాదిలో రెండుమాఱులకంటె అతనికి అక్కఱయు లేదు. ఒకచోట నుండి పదిమందికి పనిచేయవలసిన వస్తువు లివి.

రెండవది. ఏటేట దసరాకు ముందు ఒక దినము యంత్రశుద్ధి దినముగా నేర్పఱచి, తెలిసినవారిని పిలిపించి, ఊరూర యంత్రముల మూతలు విప్పించి, శుద్ధిచేయించి, కొలతలు వ్రాయింపవలెను. ఆయుధపూజకు ముందు ఆయుధశుద్ధి జరుగుట న్యాయమే గదా! ప్రతి యంత్రమునకు ఒక చిన్న పుస్తకము పెట్టి ఏటి కొలతను ఆ యేడు వ్రాసినచో, ముల్లు తగ్గుచు వచ్చుట ముందే తెలియును. ప్రాణము పోయిన పిదప విచారింపవలసిన పని తప్పును.

మూడవది. కేంద్ర ప్రభుత్వమువారు 2023 సెప్టెంబరు 17వ తేదీన ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకమున కమ్మరము మున్నగు 18 వృత్తులవారికి శిక్షణయు, పనిముట్లకై 15,000 రూపాయల వఱకు సహాయమును, 5 శాతము వడ్డీకి తొలివిడత లక్ష, మలివిడత రెండులక్షల రూపాయల వఱకు ఋణమును ఏర్పాటు చేసిరి. ఇట్టివానిని గూర్చి తెలిసికొని, పత్రములు వ్రాసిపెట్టువారు పల్లెలలో లేరు. చదువుకొన్న మన యువకులు వారమునకొక పూట ఈ సేవ చేయవలెను. అధిక వడ్డీకి అప్పుచేసి, తెలియని పాత యంత్రమును కొని, అది మాడిపోగా అప్పు మాత్రము మిగిలిన కుటుంబములను మేము చూచియున్నాము. వారికి ఒక మెగ్గరును, ఒక సలహాయును ఆ దినమున దొరకియున్నచో ఆ దుఃఖము రాకపోయెడిది.

యువకులారా! ఏ యంత్రమును బాగుచేయవచ్చును, దేనిని విడిచివేయవలెను అను వివేకముకూడ ఈ విద్యలోనిదే. చుట్ట మాడినదానికి, గుండె సడలినదానికి ధనము ధారపోయకుడు. మంచి గుండె గల యంత్రము దొరకినచో మూడుదినముల శ్రమకు వెనుదీయకుడు. పనిముట్టు లోపలిని ఎఱిగినవాడే దానికి యజమానుడు. ఎఱుగనివాడు దాని కూలివాడు. మన తాతలు తమ తిత్తికి యజమానులై బ్రతికిరి. ఆ యాజమాన్యమును మీరును ఇనుపపెట్టె ముందు కూర్చుండి, మూత విప్పి, సంపాదించుకొనుడు.